పదహారు మండలాల జనాభా అంచనా: ఇన్‌పుట్ ఫైలు తయారీ డైరీ

జూన్ 4

గౌతమికీ వశిష్ఠకూ మధ్యనున్న మధ్య డెల్టాలో, ఆత్రేయపురం, రావులపాలెం మొదలుకొని కిందికి సఖినేటిపల్లి, కాట్రేనికోన దాకా ఉన్న పదహారు మండలాల్లో, 2036 నాటికి అరవై దాటినవారు ఎందరుంటారు, బడి ఈడు పిల్లలు ఎందరుంటారు అన్నది లెక్కకట్టి ఇమ్మని మా ప్రాంతపు విశ్రాంత ఉపాధ్యాయులు కొందరు నన్ను అడిగారు. పెద్దవాళ్లకు పగటిపూట ఆశ్రయం కల్పించే కేంద్రాలు ఎక్కడెక్కడ పెట్టాలో తేల్చుకోవడానికి వారికి ఆ అంకెలు కావాలి. జాతీయ జనాభా కమిషన్ నియమించిన సాంకేతిక బృందం 2011 నుంచి 2036 వరకు వేసిన అంచనాలు ఉన్నాయి కానీ అవి రాష్ట్రాల స్థాయిలోనివి. మండలాల గుంపునకు కావాలంటే మనమే వేసుకోవాలి.

స్పెక్ట్రమ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో జనాభా అంచనాలు వేసే డెమ్‌ప్రోజ్ భాగాన్ని వాడాలని నిర్ణయించుకున్నాను. అది అడిగేవి ఎక్కువేమీ కావు: మొదటి సంవత్సరంలో అయిదేసి ఏళ్ల వయసు గుంపుల వారీగా స్త్రీ పురుషుల సంఖ్య, మొత్తం సంతానోత్పత్తి రేటు (ఒక స్త్రీకి జీవితకాలంలో సగటున ఎందరు పిల్లలు అన్నది), ఆ కాన్పులు తల్లుల వయసుల మీద ఎలా పంచుకున్నాయో తెలిపే శాతాలు, పుట్టుకలో మగ ఆడ నిష్పత్తి, ఆయుర్దాయం, ఏ వయసులో ఎందరు చనిపోతారో చూపే మరణాల నమూనా పట్టిక, నికర వలస (వచ్చినవారికీ వెళ్లినవారికీ ఉన్న తేడా). గళ్లు నింపి బటన్ నొక్కితే ఫలితం క్షణాల్లో వస్తుంది. ఆ గళ్లలోకి వెళ్లే ప్రతి అంకె వెనుకా నిలబడవలసినది మాత్రం మనమే. అందుకే డిగ్రీ చివరి సంవత్సరం విద్యార్థులు ఇద్దరిని తోడు తీసుకుని, ఎక్కడ ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నామో రోజూ రాసిపెట్టుకోవాలని అనుకున్నాను.

జూన్ 7

సరిహద్దుల దగ్గరే మూడు రోజులు పట్టింది. మన చేతిలో ఉన్న చివరి జనగణన 2011 నాటిది. అప్పటి తూర్పు గోదావరి జిల్లా జనాభా 51,54,296. ఆ జిల్లా ఇప్పుడు ఆ రూపంలో లేదు. 2014లో ఖమ్మం జిల్లా నుంచి ముంపు మండలాలు వచ్చి చేరాయి. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయినప్పుడు కాకినాడ, కోనసీమ విడిపోయాయి, రంపచోడవరం వైపు అల్లూరి సీతారామరాజు జిల్లాలో కలిసింది, గోదావరికి అవతల ఉన్న కొవ్వూరు, నిడదవోలు వచ్చి తూర్పు గోదావరిలో చేరాయి. ‘తూర్పు గోదావరి’ అనే పేరుతో 2011 పట్టికనూ నేటి పట్టికనూ పక్కపక్కన పెట్టి పోల్చేవారు రెండు వేర్వేరు ప్రాంతాలను పోలుస్తున్నారన్నమాట.

జిల్లా పేర్లను పక్కనబెట్టి నదీపాయల మధ్యనున్న మండలాలనే హద్దుగా పట్టుకోవడానికి కారణం ఇదే. పైన ఎన్ని గీతలు మారినా ఈ పదహారు మండలాలను 2011 పట్టికల నుంచి విడిగా ఏరుకోవచ్చు. ప్రతి గ్రామానికీ జనగణన కోడ్ ఉంటుంది కాబట్టి, పేర్లతో కాక కోడ్‌లతోనే జతచేయాలని పిల్లలకు చెప్పాను. ఒకే పేరున్న ఊళ్లు, పేరు చివర లంక, పాలెం, పేట తగిలించిన ఊళ్లు మా వైపు లెక్కలేనన్ని. పేరును నమ్ముకుంటే ఒక ఊరి జనం మరొక ఊరి వరుసలో పడతారు.

జూన్ 12

మండల స్థాయిలో దొరికే ప్రాథమిక జనగణన సారంలో, వయసుల లెక్కకు పనికొచ్చేవాటిలో, మొత్తం జనాభా, ఆడ మగ, 0-6 ఏళ్ల పిల్లలు మాత్రమే ఉంటారు. అయిదేళ్ల గుంపులు ఉండవు. అవి జిల్లా స్థాయిలో సి-14 పట్టికలో, ఒక్కొక్క ఏడు చొప్పున సి-13 పట్టికలో ఉంటాయి. జిల్లా శాతాలను నేరుగా మండలాల మీద పరిస్తే పని సులువే. కానీ పాత తూర్పు గోదావరిలో ఏజెన్సీ కొండలూ ఉన్నాయి, మెట్ట ప్రాంతమూ ఉంది, డెల్టా కూడా ఉంది. కాన్పుల సంఖ్యలో ఇవి ఒకలాంటివి కావు.

అందుకని మధ్యేమార్గం పట్టాము. 0-6 పిల్లలను మండలాల సొంత లెక్కగానే ఉంచాము. మొత్తంలోంచి వారిని తీసేస్తే ఏడేళ్లు నిండినవారు మిగులుతారు. వారిని మాత్రమే జిల్లా సి-13 పట్టికలోని ఏడు, ఆపై వయసుల నిష్పత్తిలో, ఆడవారికి ఆడవారి నిష్పత్తి, మగవారికి మగవారి నిష్పత్తి, గ్రామానికి గ్రామం, పట్టణానికి పట్టణం చొప్పున పంచాము. అయిదేళ్ల పట్టిక ఉండగా ఒక్కొక్క ఏడు పట్టిక ఎందుకని మా విద్యార్థిని అడిగింది. 5-9 గుంపు ఏడేళ్ల గీతకు అటూ ఇటూ ఉంటుంది, దాన్ని కోయాలంటే ఒక్కొక్క ఏడూ తెలియాలి. ‘వయసు చెప్పనివారు’ అనే వరుసను చాలామంది చూడకుండా వదిలేస్తారు. వారూ మనుషులే కాబట్టి వారినీ అన్ని వయసులకూ నిష్పత్తి ప్రకారం కలిపాము.

జూన్ 16

ఈ రోజు సి-13 అంకెలకు బొమ్మ గీశాము. వయసులు అడ్డంగా, మనుషులు నిలువుగా. అది మనుషుల వయసుల బొమ్మలా లేదు, కొబ్బరి చెట్లకు దూరదూరంగా గట్టిన కంచెలా ఉంది. 30 దగ్గర ఒక గుంజ, 35 దగ్గర మరొకటి, 40 దగ్గర ఇంకొకటి, ఆ పక్కనే 41 నేలకు అంటుకుపోయి ఉంది. 0తోనూ 5తోనూ ముగిసే అంకెల మీద వయసులు కుప్పపడడం మన జనగణనల్లో ఎప్పుడూ ఉన్నదే. దీన్ని కొలవడానికి విపుల్ సూచిక ఉంది: 23 నుంచి 62 వరకు వయసుల్లో 0, 5లతో ముగిసేవారిని కూడి, ఆ మొత్తం జనంలో అయిదో వంతుతో భాగించి, 100తో గుణించాలి. వయసులన్నీ నిజంగా చెబితే 100 వస్తుంది. అందరూ 0, 5 మీదే చెబితే 500 వస్తుంది. 105 లోపు ఉంటే అతి నమ్మదగినదనీ, 125 దాటితే ముతకదనీ, 175 దాటితే మరీ ముతకదనీ ఐక్యరాజ్యసమితి గీత గీసింది.

కారణం తెలుసుకోవడానికి ఎక్కడికో పోనక్కరలేదు. నిన్న మా వీధి చివరి ఇంట్లో అరుగు మీద కూర్చున్న మామ్మగారిని వయసు అడిగాను. “డెబ్భై ఉంటాయేమో బాబూ,” అన్నారు. ఎప్పుడు పుట్టారో తెలుసా అని మళ్లీ అడిగితే కాసేపు ఆలోచించి, “మా పెద్దోడు చంకలో ఉండగా పుష్కరాలకి రాజమండ్రి వెళ్లామండి. అప్పటికి నాకు పెళ్లయి మూడేళ్లు. పదిహేడో ఏట చేశారు నాకు,” అన్నారు. పెద్దకొడుకు ఈడును బట్టి అవి 1979 పుష్కరాలు. పదిహేడూ మూడూ కలిపితే అప్పటికి ఆమెకు ఇరవై, అంటే 1959లో పుట్టి ఉంటారు, డెబ్భై ఇంకా నిండలేదు. ఆధార్ కార్డు తెప్పించి చూపించారు. పుట్టిన తేదీ జనవరి 1 అని ఉంది. వాళ్లాయన కార్డులో కూడా జనవరి 1. తేదీ తెలియనివారికి సంవత్సరం మాత్రమే అంచనాగా వేసినప్పుడు అలా పడుతుంది. మా వైపు పెద్దవాళ్ల వయసు నిజంగా తెలియాలంటే పుష్కరాలను, 1986 ఆగస్టు వరదను, 1996 నవంబరు 6 తుఫానును గుర్తుచేసి అడగాలి. గుమ్మంలో నిలబడి ఒక్క నిమిషంలో వయసు రాసుకుని వెళ్లవలసిన గణకుడికి అంత తీరిక ఉండదు, అందులో ఆయన తప్పేమీ లేదు.

కుప్పలను సర్దడానికి కారప్, కింగ్, న్యూటన్‌ల పేరుతో ఉన్న సూత్రాన్ని తీసుకున్నాము. ముందు పదేళ్ల గుంపులు కట్టి, తరువాత వాటిని రెండుగా విడదీస్తుంది. ఉదాహరణకు 20-29లో 1,800, 30-39లో 1,600, 40-49లో 1,200 మంది ఉన్నారనుకుందాము. 30-34 వారు 1,600లో సగానికి, అంటే 800కు, పక్క గుంపుల తేడా 600లో పదహారో వంతు, 37.5 కలిపితే వచ్చేవారు: 837.5. మిగిలిన 762.5 మంది 35-39 వారు. పదేళ్ల మొత్తం మాత్రం చెక్కుచెదరదు. ఇంకా గట్టిగా నునుపు చేసే సూత్రాలు ఉన్నాయి కానీ నేను వాడలేదు. పని కోసం వెళ్లిపోయినవారి వల్ల ఏర్పడిన నిజమైన గుంటను కూడా అవి పూడ్చేస్తాయి. ఆ గుంట మాకు కావాలి.

జూన్ 18

చిన్న పని, కానీ మరచిపోతే తప్పు. జనగణన లెక్క 2011 మార్చి 1 నాటిది. సాఫ్ట్‌వేర్ సంవత్సరం మధ్యను, జులై 1ని, పట్టుకుంటుంది. నడుమ 122 రోజులు. 2001లో 49,01,420గా ఉన్న పాత జిల్లా జనాభా పదేళ్లలో 5.16 శాతం పెరిగింది. ఆ వేగంతో నాలుగు నెలలకు జిల్లా మొత్తం మీద సుమారు 8,700 మంది తేడా వస్తుంది. మా మండలాల వాటాను ఆ మేరకు పెంచాము.

ఈ 5.16 దగ్గర కొంచెంసేపు ఆగాను. అదే పదేళ్లలో ఉమ్మడి రాష్ట్రం పెరిగింది 10.98 శాతం. పొరుగున ఉన్న పశ్చిమ గోదావరి 3.51 మాత్రమే. నీరు, పంట, బడి, ఆసుపత్రి ఉన్న నేల మీద జనం ఇంత నెమ్మదిగా పెరగడానికి కాన్పులు తగ్గడం ఒక కారణం, మనుషులు వెళ్లిపోవడం మరొక కారణం. ఏది ఎంత అన్నది విడదీయడమే ఇకపై మా పని.

జూన్ 25

కాన్పుల లెక్క కోసం జనన నమోదు అంకెలు తెచ్చుకున్నాము. ఒక కార్యాలయం నుంచి వచ్చిన కాగితాలు స్కాన్ చేసిన బొమ్మలు. వాటిని చేత్తో ఎక్కించడానికి పిల్లలు అయిదు రోజులు కష్టపడ్డారు. ఎక్కించిన తరువాత ఆ అంకెలను పక్కన పెట్టవలసి వచ్చింది. అందుకు కారణం ఇక్కడ వివరంగా రాస్తాను, ఎందుకంటే ఈ పొరపాటు ఎవరైనా చేయగలరు.

1969 నాటి చట్టం ప్రకారం జననం ఎక్కడ జరిగితే అక్కడే నమోదు చేయాలి. తల్లి ఏ ఊరి మనిషి అన్నదానితో నమోదు చేసే చోటుకు సంబంధం లేదు. మా లంక గ్రామాల ఆడపిల్ల అమలాపురం ఆసుపత్రిలో కనవచ్చు, గౌతమి దాటి యానాంలో కనవచ్చు, కాకినాడలోనో రాజమహేంద్రవరంలోనో కనవచ్చు. యానాం పుదుచ్చేరికి చెందినది కాబట్టి ఆ బిడ్డ ఆంధ్రప్రదేశ్ నమోదు పుస్తకాలకే ఎక్కదు. దీనికి తోడు తొలి కాన్పుకు పుట్టింటికి పంపే ఆనవాయితీ ఉంది. హైదరాబాదులో కాపురముంటున్న అమ్మాయి ఏడో నెలలో సూడిదల తరువాత అంబాజీపేట వచ్చి, పురుడు పోసుకుని, మూడో నెలలో బిడ్డతో వెళ్లిపోతుంది. ఆ బిడ్డ నమోదు ఇక్కడ, పెరిగేది అక్కడ. పెద్దాసుపత్రి ఉన్న పట్టణంలో కాన్పులు ఎక్కువగానూ, పక్క మండలంలో దాదాపు లేనట్లుగానూ కనిపించడానికి కారణం ఇదే. పదహారు మండలాలనూ కలిపినా ఈ తేడా పూర్తిగా సర్దుకోదు.

కాబట్టి పిల్లల నుంచి వెనక్కి నడిచే పద్ధతి పట్టాము. 2011లో లెక్కకు దొరికిన 0-6 పిల్లలు అంతకు ముందు ఏడేళ్లలో పుట్టినవారిలో బతికి ఉన్నవారు. మనుగడ నిష్పత్తితో, అంటే పుట్టినవారిలో ఆ వయసు దాకా బతికేవారి వాటాతో, వారిని వెనక్కి జరిపితే పుట్టినవారి సంఖ్య వస్తుంది, దాన్ని ఆ కాలంలో 15-49 వయసు స్త్రీలతో పోల్చితే సంతానోత్పత్తి రేటు తేలుతుంది. పుట్టింటి కాన్పు బాధ ఇందులో చాలావరకు తప్పుతుంది, ఎందుకంటే పిల్లలు ఎక్కడ పెరుగుతున్నారో అక్కడే లెక్కకు వచ్చారు.

జులై 1

వచ్చిన రేటును రాష్ట్రపు అంకెల పక్కన పెట్టి చూసుకున్నాము. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో మొత్తం సంతానోత్పత్తి రేటు 2015-16లో 1.8, 2019-21లో 1.7. తరం తరాన్ని నిలబెట్టుకోవడానికి కావలసిన 2.1 కంటే ఎప్పుడో దిగిపోయింది. డెల్టాలో ఇది తిరిగి పెరుగుతుందని ఊహించడానికి నాకు ఆధారం కనిపించలేదు. అంచనాలో నెమ్మదిగా ఇంకొంచెం తగ్గినట్లు ఉంచాను.

వయసుల వారీ పంపకం విషయంలో సాఫ్ట్‌వేర్ ఇచ్చే అంతర్జాతీయ నమూనాలను వాడలేదు. మన దగ్గర కాన్పులు త్వరగా మొదలై త్వరగా ముగుస్తాయి. అదే 2019-21 సర్వేలో రాష్ట్రంలోని వివాహిత స్త్రీలలో దాదాపు 70 శాతం కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవారే. ఇద్దరు పిల్లలు, ఆపై ఆపరేషన్, ముప్ఫై లోపే అన్నీ పూర్తి: ఇది మన ఇళ్లలో అందరికీ తెలిసిన క్రమం. 35 దాటిన తల్లులకు చెప్పుకోదగ్గ వాటా ఇచ్చే నమూనా మనకు పొసగదు. రాష్ట్ర సర్వేలోని రేట్లనే శాతాలుగా మార్చి, ఏడు గుంపులూ కలిపి 100 అవుతున్నాయో లేదో సరిచూసి ఎక్కించాము.

మగ ఆడ నిష్పత్తి గడి దగ్గర మా విద్యార్థి పొరపడబోయాడు. మన దేశంలో వెయ్యిమంది మగవారికి ఎందరు ఆడవారో చెబుతాము. సాఫ్ట్‌వేర్ వందమంది ఆడపిల్లలకు ఎందరు మగపిల్లలో అడుగుతుంది. 952 అని మనం రాసేది అక్కడ 105. అతడు జిల్లా మొత్తం జనాభా నిష్పత్తి 1006ను తీసుకుని 99.4గా మార్చాడు. లెక్క సరైనదే, ఎంచుకున్న అంకె తప్పు. 1006 అన్నది అన్ని వయసులదీ, అందులో ముసలి ఆడవారి ఆయుష్షూ, వలస వెళ్లిన మగవారి లోటూ కలిసి ఉన్నాయి. అడిగినది పుట్టుక నాటి నిష్పత్తి. 99.4 అలాగే ఉండి ఉంటే పాతికేళ్లలో ఆడపిల్లలను ఉన్నవారికన్నా ఎక్కువమందిగా చూపించి, వారి పిల్లలను కూడా లెక్కలోకి తెచ్చేది.

జులై 3

ఆయుర్దాయానికి జిల్లా అంకెలు మాకు దొరకలేదు. ఎంపిక చేసిన కొన్ని ఊళ్లలో, వార్డుల్లో జనన మరణాలను రాసుకునే ప్రభుత్వ నమూనా నమోదు పద్ధతి ఇచ్చే రాష్ట్ర ఆయుర్దాయాన్నే స్త్రీ పురుషులకు వేర్వేరుగా తీసుకున్నాము. నమూనా పట్టికల్లో కోల్, డెమెనీల ‘వెస్ట్’ కూడా, ఐక్యరాజ్యసమితి 1982 నాటి ‘దక్షిణాసియా’ కూడా నడిపి చూశాము. శిశు మరణాల రేటు సాఫ్ట్‌వేర్ తనంతట తాను తిరిగి ఇస్తుంది. 2019-21 సర్వేలో రాష్ట్రానికి అది వెయ్యికి 30. దానికి దగ్గరగా వచ్చిన ‘వెస్ట్’నే ఉంచాము.

జులై 9

వలస లెక్క కోసం లంక ఊళ్లలో ఇంటింటికీ తిరుగుతున్నాము. ఇన్ని రోజుల పనిలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా పట్టుకున్నది ఇదే.

2011 జనగణనలో ఫిబ్రవరి 9 నుంచి 28 వరకు లెక్కింపు జరిగింది. ఆ ఇరవై రోజులూ పూర్తిగా ఊళ్లో లేనివారిని ఆ ఇంటి లెక్కలో రాయకూడదు. కువైట్‌లోనూ, మస్కట్‌లోనూ, దుబాయ్‌లోనూ ఇళ్లలో పనికి అప్పటికే వెళ్లిన మా ఆడవాళ్లు మొదటి సంవత్సరపు జనాభాలో ఎక్కడా లేరు. ఉన్నారనుకుని వలస గడిలో మళ్లీ బయటికి పంపితే, లేని మనిషిని రెండోసారి పంపినట్లవుతుంది. వారు తిరిగి వచ్చేటప్పుడు మాత్రం ఆ గడిలో లోపలికి వచ్చేవారిగా చూపాలి, లేకపోతే నలభై అయిదు, యాభై ఏళ్ల ఆడవాళ్లు లెక్కలో లేకుండానే ఊళ్లోకి వచ్చి ముసలివాళ్లవుతారు. 2036లో అరవై దాటినవారి సంఖ్య అడిగినవారికి ఈ తేడా అన్నిటికన్నా ముఖ్యం.

ఈ రోజు చూసిన ఇంట్లో ఒక అమ్మమ్మగారు, ఇద్దరు మనవలు ఉన్నారు. కూతురు కువైట్ వెళ్లి తొమ్మిదేళ్లయింది, నడుమ రెండుసార్లు వచ్చి వెళ్లింది. మా కాగితంలో ‘ఈ ఇంట్లో ఉండేవారు’ కింద ముగ్గురి పేర్లు రాశాము. ఆవిడ కాగితం వైపు చూస్తూ, “మా అమ్మాయి పేరు రాశారాండి? రేషన్ కార్డులో ఉందండి,” అన్నారు. బియ్యం కార్డు తెచ్చి, గోటితో ఆ వరుస చూపించారు. కార్డులో నలుగురు, ఇంట్లో ముగ్గురు, జనగణన తీరులో ముగ్గురు, పదేళ్ల తరువాతి అవసరంలో మళ్లీ నలుగురు. మా ఫారం చివర ‘బయట ఉన్నవారు: ఎక్కడ, ఎప్పుడు వెళ్లారు, ఎప్పుడు రావాలనుకుంటున్నారు’ అనే గడి అప్పటికప్పుడు చేర్చి, ఆవిడ కూతురి పేరే అందులో మొదట రాశాము.

జులై 14

ధవళేశ్వరం దగ్గర నీరు పది లక్షల క్యూసెక్కులు దాటి మొదటి హెచ్చరిక ఇచ్చారు. కాజ్‌వేలు మునిగాయి. లంకలకు వెళ్లడం ఆపి, పట్టికల పనిలో కూర్చున్నాము.

జనగణనల నడుమ మనుగడ నిష్పత్తి పద్ధతి ఇలా ఉంటుంది. 2001లో 20-24 వయసువారు బతికి ఉంటే 2011లో 30-34 అవుతారు. మరణాలు తీసివేస్తే రావలసిన సంఖ్యకూ నిజంగా లెక్కకు వచ్చిన సంఖ్యకూ తేడాయే నికర వలస. దీన్ని పాత జిల్లాకు చేసి, వయసుల ఆకారాన్ని మాత్రం అందులోంచి తీసుకున్నాము.

ఇక్కడ ఒక చిక్కు ఎదురైంది. సాఫ్ట్‌వేర్ నికర వలసను ఒక మొత్తంగానూ, వయసుల పంపకాన్ని శాతాలుగానూ అడుగుతుంది. లెక్క కోసం, 20-34 వయసులో 500 మంది వెళ్లి 45-59లో 450 మంది తిరిగి వచ్చారనుకుందాము. నికరం 50 మంది బయటికి. ఆ 50కి శాతాలు కడితే వెళ్లినవారిది 1,000, తిరిగి వచ్చినవారిది ఋణ 900. లెక్కకు నిలిచినా, ఇంత చిన్న నికరం ఒక్క పది మారితే వయసులన్నీ తలకిందులవుతాయి. అందుకని ఎక్సెల్‌లో వెళ్లేవారికి ఒక షీటు, తిరిగి వచ్చేవారికి మరొక షీటు పెట్టి, ప్రతి వయసుకూ మనుషుల సంఖ్యగానే నిలిపాము. శాతాలను చిట్టచివర, ఎక్కించే ముందు మాత్రమే కడతాము. సంఖ్యల షీటును ఎవరూ చెరపకూడదని పైన ఎర్ర అక్షరాలతో రాయించాను.

జులై 22

నీరు తీసింది. ఊళ్లలో మిగిలిన ఇళ్లు పూర్తిచేసి, 2001 నుంచి 2011 వరకు పాత జిల్లాకు సాఫ్ట్‌వేర్‌ను నడిపి చూశాము. మొత్తం 51,54,296కి బాగా దగ్గరగా వచ్చిందని పిల్లలు ఎంతో సంతోషించారు. నాకు వారిని ఆపవలసి వచ్చింది. వలసను 2011 లెక్కలోంచే తీసి, అదే వలసను పెట్టి 2011ని తిరిగి రాబట్టాము, అది కలవకపోతేనే ఆశ్చర్యం. వలస గడి మొత్తం సున్నా చేసి మళ్లీ నడిపించాను. ఇప్పుడు వచ్చిన తేడా వయసుల వారీగా ఎక్కడ పడుతోందో చూశాము. పని ఈడు వయసుల్లో పడితే అది వలస కావచ్చు. పదేళ్ల లోపు పిల్లల్లో పడితే కాన్పుల రేటులో తప్పు వెతకాలి. 70 దాటినవారిలో పడితే వయసులు పెంచి చెప్పడం, మరణాల పట్టిక, ఈ రెండింటినీ అనుమానించాలి. మూడు చోట్లా విడివిడిగా గుర్తులు పెట్టుకుని, కాన్పుల రేటును ఒకసారి సవరించాము.

ఇన్‌పుట్ ఫైళ్లు మూడు సిద్ధమయ్యాయి. మూడింటిలోనూ మొదటి జనాభా, కాన్పులు, మరణాలు ఒకటే. వలస మాత్రం వేరు: ఒకదానిలో వెళ్లినవారు తిరిగి రారు, రెండవదానిలో యాభై నిండేలోగా సగం మంది వస్తారు, మూడవదానిలో దాదాపు అందరూ వస్తారు. అరవై దాటిన స్త్రీల వరుసలో ఈ మూడింటికీ ఉన్న తేడాను ఉపాధ్యాయులకు అలాగే చూపిస్తాను, ఒక్క అంకెగా కుదించి ఇవ్వను. తదుపరి జనగణన లెక్క 2027 మార్చి 1 నాటిది. దాని వయసు పట్టికలు వెలువడిన రోజున మార్చవలసిన గళ్లన్నిటికీ పసుపు రంగు వేసి, ప్రతి గడి పక్కనా ఈ డైరీలోని తేదీ రాసి పెట్టాము.